వాల్‌పేపర్‌కు కళ్లు పెట్టినప్పుడు

ముందే ఒప్పుకుంటున్నాను, నా మాటల్లో గాలి ఎక్కువ. మా పెరటి గోడ ఒక పిల్లి దూకితే, నేను బజారుకు చేరేలోపు అది పులి అవుతుంది. బజారు నుంచి ఇంటికొచ్చేలోపు ఆ పులిని నేను చెవి పట్టుకుని గోడ దించి ఉంటాను. మా ఆవిడ నేను చెప్పేదంతా ఓపిగ్గా విని, తర్వాత నా పక్కనున్న వాళ్లను పట్టుకుని "అసలు ఏమైంది?" అని అడుగుతుంది. ఈ ముచ్చటలో నా పక్కనున్న వాళ్లు ఇప్పుడు తలో దిక్కు ఉన్నారు కాబట్టి మీకు ఆ సౌకర్యం లేదు. అందుకే ఒక ఒప్పందం చేసుకుందాం. మధ్యలో ఆపి "ఇది నిజమేనా?" అని అడగకండి. ఇందులో నేను కల్పించింది ఏదో చివర్లో నేనే చెప్తాను. పెంచడం వేరు, కల్పించడం వేరు. మొదటిది నా పుట్టుక. రెండోది అవసరం పడితే తప్ప చెయ్యను.

కంప్యూటర్ల మీద బతుకుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మీ కోసమే రాస్తున్నాను. నాది కరీంనగర్. సగం గడ్డం నెరిసేసరికి స్వచ్ఛంద విరమణ తీసుకుని పూలకుండీలకు నీళ్లు పోసుకుంటున్నాను కానీ, అంతకుముందు ఆదిలాబాద్‌లో ఒక చిన్న కంప్యూటర్ విభాగానికి పెద్దను. అది ఎంత చిన్నదంటే, మేం ముగ్గురం ఒకేసారి ఊపిరి పీలిస్తే కిటికీ తలుపులు వాటంతటవే మూసుకునేవి. ఇక ఆ ఊరి చలి సంగతి చెప్పాలా? పొద్దున చౌకీదారు వాకిట్లో మంట పెడితే, ఆ మంటే మా దగ్గరికి జరిగి చేతులు చాపేది.

మార్కెట్ యార్డు ఆఫీసుల్లో ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టం పెట్టించడం మా పని. అంటే దాని లోపలి రాత దాపరికం లేకుండా బయటే ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, నలుగురికీ పంచొచ్చు. ఆఫీసుల వాళ్లకు నేను ఇలా చెప్పేవాణ్ని: "కొనుక్కునే సిస్టం హోటల్ భోజనం, వంటింట్లకు రానియ్యరు. మనది పెండ్లి వంట. ఎవలన్న వచ్చి మూత తీసి చూడొచ్చు." వాళ్లు తలూపేవాళ్లు. నేను గేటు దాటగానే మళ్లీ పాత సిస్టమే తెరిచేవాళ్లు.

కారణం లేకపోలేదు. మా సిస్టం పని బాగానే చేసేది, ముఖమే బాగాలేదు. తెరంతా బూడిద రంగు. గుండీలు ఎక్కడెక్కడో ఉండేవి. తెలుగు ఒత్తులు అక్షరాల కింది నుంచి జారిపోయి పక్కన దిగాలుగా కూర్చునేవి. భైంసా యార్డులో పెద్ద గుమాస్తా ఒకాయన ఉండేవాడు. మీసం చూస్తే తూకం రాళ్లు కూడా సర్దుకుని నిలబడేవి. ఆయన నా ముఖం మీదే అన్నాడు: "సార్, ఏమనుకోకుండ్రి. గీ తెర ముందల కూసుంటే దవఖాన్ల గోడ చూసుకుంట కూసున్నట్టున్నది. ఎవలో పోయిన కబురు ఇప్పుడే వస్తదా అనిపిస్తది."

హైదరాబాద్‌లోని మా పై ఆఫీసర్ నుంచి మాట వచ్చింది. పత్తి సీజన్ ముగిసేలోపు ఆఫీసులన్నీ మా సిస్టం మీద ఇష్టంగా కూర్చోవాలి. లేకపోతే పథకం ఎత్తేస్తారు. ఎత్తేస్తే నన్ను ఇంకో కుర్చీలోకి మారుస్తారు, అంతే. ఉద్యోగం పోయేది మాత్రం మా కాంట్రాక్టు ఇంజినీరుకు.

ఆమెది ధర్మపురి. మేం ధర్మపురి అమ్మాయి అనే పిలిచేవాళ్లం. ఆమె భర్త మస్కట్‌లో పనిచేసే కంపెనీ మూతపడి, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే చిక్కుకుపోయి, అటు జీతం లేక ఇటు రాలేక ఉన్నాడు. ఇక్కడ ఇల్లంతా ఈమె మీదే నడిచేది. గట్టిగా మాట్లాడదు. కానీ ఆమె కీబోర్డు మీద వేళ్లు పెడితే, పక్క గదిలో పాడైపోయిన ప్రింటర్ కూడా భయపడి ఒక కాగితం కక్కేది. మా మూడో మనిషి భైంసా కుర్రాడు. ఎవరినైనా మరాఠీలో అన్నా అన్నట్టు "భావూ" అంటాడు కాబట్టి అతనికే ఆ పేరు స్థిరపడింది. తిరిగి తిరిగి మిషన్లలో సిస్టం ఎక్కించేది అతనే.

మొదట లోపలి పనులు చేశాం. అక్షరాలు పెద్దవి చేశాం. అక్కరలేని గుండీలు తీసేశాం. ఒత్తులను పట్టుకొచ్చి ఎవరి అక్షరం కింద వాళ్లను కూర్చోబెట్టాం. అయినా ఎవరూ మెచ్చలేదు. అప్పుడు భావు అన్నాడు:

"భావూ, లోపట ఎంత సాఫ్ చేసినా ఎవలు చూస్తరు? పిల్లను చూడవోతే ముందుగల చూసేది మొఖమే గదా! మొఖం జర మంచిగ పెట్టుండ్రి, మిగతాది నేను చూసుకుంట."

దాంతో నిర్మల్ వెళ్లాం. అక్కడ తరతరాలుగా బొమ్మలు వేసే ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేది. మాట కటువు, చెయ్యి వెన్న. నల్లటి పలక మీద బంగారు రంగుతో పత్తి ఏరుతున్న స్త్రీని వేసివ్వమని అడిగాం. ఆమె వేసింది. ఆ ఒడిలోని పత్తి ఎంత మెత్తగా ఉందంటే, భావు చెయ్యి తుడుచుకోవడానికి దాని మీదికి పోయాడు. స్త్రీ ముఖం తిన్నగా మన వైపే తిరిగి ఉంది. కానీ కళ్లున్న చోట ఏమీ లేదు. రెండు చోట్లా ఉత్త బంగారు పూత.

"అమ్మా, కండ్లు మర్చిపోయినవా?" అన్నాను.

"మర్చిపోతందుకు నేనేమన్న నీ తీరు ఆఫీసర్‌నా?" అంది పెద్దావిడ. "మా ఇంట్ల పద్ధతి గిదే బిడ్డా. బొమ్మ ఏ ఇంటికి పోతదో ఆ ఇంట్లనే కండ్లు పెడుతం. ఆ ఇంటి మనిషి ఎదురుంగ కూసుండాలె. వాళ్లను చూసుకుంట పెడుత. అప్పుడే బొమ్మ ఆ ఇంటిదైతది. ఏ ఇంటికి పోతది గిది?"

వందల మిషన్ల మీదికి పోతుందని చెప్పాను. నా లెక్కలో అప్పటికే అవి వేలు, నోరు జారితే లక్షలు. ఆవిడ కుంచె కడుగుతూ కాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అంది:

"అయితే అసలే పెట్టకుండ్రి. కండ్లు లేకపోతే చూసేటోళ్లకే జర ఎట్లనో అనిపిస్తది. ఎవలియో పెడితే మాత్రం, ఆ మనిషికి పరేషాన్."

మేం బొమ్మను ఫొటో తీసుకుని, దండం పెట్టి వచ్చేశాం. ఆ చివరి మాట ఎవరం పట్టించుకోలేదు. చదువుకున్న వాళ్లం కదా.

కళ్లు లేని ఆ బొమ్మ ఆఫీసులన్నింటికీ వాల్‌పేపర్‌గా వెళ్లింది. మూడో నాడో నాలుగో నాడో భైంసా వెళ్తే, పెద్ద గుమాస్తా తన కంప్యూటర్ తెర మీద తువ్వాల కప్పి, దాని ముందు కుర్చీ అడ్డం పెట్టి, నిలబడి చేత్తో రాసుకుంటున్నాడు.

"ఏంది భావూ గిది?" అన్నాడు భావు.

"నువ్వే కూసో దాని ముందల. ఆ అమ్మకు కండ్లు లెవ్వు. నేను లెక్క చేస్తుంటె ఆమె చెవులు పెట్టి ఇంటున్నట్టున్నది."

మిగతా ఆఫీసుల నుంచీ అదే ఫిర్యాదు. నిర్మల్ పెద్దావిడకు కబురు పెడితే, కూతురు కాన్పుకని మహారాష్ట్ర వెళ్లిందన్నారు. సీజన్ గడువు ముంచుకొస్తోంది. ఒక పొద్దున మా గదిలో, బయట మంచు ఇంతెత్తున కమ్ముకుని రోడ్డు అవతలి చెట్లు కూడా సెలవు పెట్టినట్టు కనబడకుండా పోయిన వేళ, ధర్మపురి అమ్మాయితో అన్నాను: "రెండు చుక్కలే కదమ్మా. నువ్వే పెట్టెయ్యి."

ఆమె బొమ్మలు గీసే ప్రోగ్రాం తెరిచింది. బొమ్మ వెనుక అంతా నలుపు కాబట్టి మానిటర్ అద్దంలా పనిచేస్తోంది. ఆమె ముందుకు వంగేసరికి ఆమె ముఖం నీడ వెళ్లి ఆ బంగారు ముఖం మీద పడింది. గడ్డం మీద గడ్డం, నుదుటి మీద నుదురు, చేత్తో సర్దినట్టు అతికింది. నేను వెనక నిలబడి చూశాను. ఆమె తన నీడలోని కళ్లనే చూస్తూ, వాటి మీదే మౌస్ తిప్పుతూ గీసింది. రెండోది పూర్తయ్యాక చెయ్యి తీసి కొంచెం వెనక్కి జరిగింది. నీడ కూడా ఆమెతో పాటు జరిగింది. కళ్లు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

"మంచిగున్నయా సార్?" అంది.

చాలా బాగున్నాయని చెప్పాను. అరచేతులు ఎందుకో చెమట పట్టాయి. ఆదిలాబాద్ చలికాలంలో చెమట పట్టిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

కొత్త బొమ్మ అన్ని మిషన్లకూ వెళ్లగానే పరిస్థితి తిరగబడింది. తువ్వాలలు దిగాయి. పనులు మా సిస్టం మీద మొదలయ్యాయి. పెద్ద గుమాస్తా పొద్దున్నే తెరకు అగరుబత్తి చూపిస్తున్నాడని భావు చెప్పాడు. ఆ పొగ పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు గొట్టం కంటే ఎత్తుకు పోతోందని నేను అందరికీ చెప్పాను. గెలిచాం అనుకున్నాం.

ఫోన్లలో మొదలైంది తేడా. ఏదైనా ఇబ్బంది వస్తే ఆఫీసుల వాళ్లు ధర్మపురి అమ్మాయికి ఫోన్ చేసేవాళ్లు. ఒకరోజు పెద్ద గుమాస్తా ప్రింట్ రావడం లేదని చేశాడు. ఈమె వెంటనే, "ముందుగల ఆ టీ గ్లాసు తీయుండ్రి సార్, వైర్ మీదికి ఒరిగింది" అంది. ఆయన తీశాడు, ప్రింట్ వచ్చింది. ఆమె ఊహించి ఉంటుందనుకున్నాం. ప్రభుత్వ బల్ల మీద టీ గ్లాసు లేనిదెప్పుడు? ఇంకోసారి ఇంకెవరితోనో "చొక్కా గుండీ కీబోర్డుల ఇరుక్కున్నది, చూడుండ్రి" అంది. ఆ మిషన్లలో కెమెరాలు లేవు, మైకులూ లేవు. వాటికి డబ్బుంటే ముందు నా కుర్చీకి నాలుగో కాలు కొనుక్కునేవాణ్ని.

నేను కరీంనగర్ వచ్చినప్పుడు ఇక్కడి యార్డు ఆఫీసులో మిట్టమధ్యాహ్నం అందరూ తిండికి వెళ్లాక ఒంటరిగా ఉన్నాను. తెర మీద ఆమె, ఎదురుగా నేను. ఎవరూ లేరు కదా అని కొంటెతనం పుట్టింది. లేచి నిలబడి, నడుం విరిగేలా వంగి, బొమ్మకు ఘనంగా ఒక దండం పెట్టి కూర్చున్నాను. మర్నాడు ఆదిలాబాద్‌లో నేను గదిలోకి అడుగుపెట్టగానే ధర్మపురి అమ్మాయి, తలెత్తకుండానే అడిగింది:

"నిన్న గంత పెద్ద దండం ఎవలకు పెట్టిండ్రు సార్?"

నేను చాలాసేపు చెప్పులు విప్పుకున్నాను. ఒక్క జతే, అయినా చాలాసేపు పట్టింది.

ఆ రోజు ఆమె భయపడుతూ చెప్పింది. కళ్లు తెరిచి ఉన్నంతసేపు ఏం కాదట. కళ్లు మూసుకుంటే మాత్రం ఎదురుగా మనుషులు కూర్చుని ఉంటారట, వరుసలు వరుసలుగా. ఒకాయన ఆవలిస్తుంటాడు. ఒకామె గోళ్లు కొరుకుతుంటుంది. ఒకాయన చెవిలో పెన్సిల్ తిప్పుకుంటుంటాడు. అందరూ ఆమె కళ్లలోకే చూస్తుంటారు, ఎవరికీ ఆమె కనబడదు.

"కునుకు పడుతలేదు సార్. రెప్ప ఏస్తే చాలు, ఎవలో వచ్చి ముందల కూసుంటున్నరు. ఎవలెవలో కనబడుతున్నరు గని మా ఆయన ఒక్కడు కనబడుతలేడు."

మళ్లీ తనే అంది: "ఆ బొమ్మ మస్కట్ల వాళ్ల దోస్తు ల్యాప్‌టాప్‌కు పంపుదామనుకున్న. పంపితే ఆయన కనబడుతుండె కావచ్చు. మల్ల వద్దనుకున్న. నేను చూస్తున్ననని ఆయనకు ఎరుక లేకుంట చూసుడు మంచిగనిపియ్యలే."

భావు అప్పటికే గోడకు అతుక్కుని, సున్నంతో పాటు రాలిపోయేలా ఉన్నాడు. "అరె భావూ, గిదేం లఫ్డా" అని మాత్రం అన్నాడు.

మర్నాడే బొమ్మ తీసేద్దామనుకున్నాం. తీసేస్తే మళ్లీ బూడిద తెర, లేదా కళ్లు లేని ముఖం. మళ్లీ తువ్వాలలు, ఆపైన పథకం రద్దు, ఆమె ఇంటికి. ఏ వైపు లాగినా తాడు ఆమె మెడకే బిగుస్తోంది. నిర్మల్ పెద్దావిడ ఊరొచ్చిందని తెలిసి పరుగెత్తాం. ఆవిడ ధర్మపురి అమ్మాయి గడ్డం పట్టుకుని, కిందిరెప్పలు లాగి చూసి, నా వైపు తిరిగింది.

"ఒక్క జత కండ్లు తీస్కపోయి ఊరందరి ఇండ్లల్ల పెట్టినవా కొడుకా? ఇగ ఈ పిల్ల ఎన్నిండ్లు కావలి కాయాలె?"

"ఏం చెయ్యాలె అమ్మా?"

"ఏమున్నది. తుడిచెయ్యి. ఎవల ఇంట్ల వాళ్లనే పెట్టుకోమను. చెయ్యి తిరగకుంటే ఏం? వంకరటింకర పెట్టినా గవి వాళ్లవే అయితయి."

తిరుగు ప్రయాణంలోనే ధర్మపురి అమ్మాయి మనసులో ప్రోగ్రాం తయారైంది. కొత్త బొమ్మకు కళ్లుండవు. మనిషి తన పేరుతో మిషన్ తెరిచిన మొదటిసారి ఆ ముఖం తెర నిండా వస్తుంది. మౌస్‌తో తనే కళ్లు పెట్టాలి, పెట్టాకే పని మొదలవుతుంది. కానీ రాయాలి, పరీక్షించాలి, అన్ని మిషన్లకూ పంపాలి. అంతలోనే పిడుగు పడింది.

భైంసా పెద్ద గుమాస్తా ఒక మధ్యాహ్నం ఏదో చిన్న సందేహానికి ఫోన్ చేశాడు. గదిలో ఒక్కడే ఉన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. మాట మధ్యలో ధర్మపురి అమ్మాయి ఆగిపోయి, మెల్లగా అడిగింది: "సార్, మీరు ఏడుస్తున్నరా? జర నీళ్లు తాగుండ్రి."

ఆయన టక్కున ఫోన్ పెట్టేశాడు. కొద్ది రోజుల కిందటే వాళ్ల అవ్వ, అంటే కన్నతల్లి, పోయింది. ఇంట్లో పెద్దకొడుకు కాబట్టి అందరి ముందూ గట్టిగా నిలబడి, ఎవరూ లేని ఆ గదిలో అన్నం డబ్బా తెరిచి ఏడుస్తున్నాడు. ఆ మీసానికి అది మామూలు అవమానం కాదు. కంప్యూటర్‌లో దొంగ కెమెరా పెట్టి మా విభాగం మనుషులను చూస్తోందని, చూసేది ఫలానా కాంట్రాక్టు ఇంజినీరేనని హైదరాబాద్‌కు ఫిర్యాదు చేశాడు.

పై ఆఫీసర్ స్వయంగా భైంసా దిగాడు. ఇస్త్రీ మడత తగిలితే కూరగాయలు తెగేలాంటి చొక్కా. ఇద్దరు నిపుణులను వెంట తెచ్చుకుని, భావునూ నన్నూ కూడా అక్కడికే రమ్మన్నాడు. వాళ్లు మిషన్ విప్పి చూశారు. కెమెరా లేదు. లోపలి రాతంతా చదివారు. ఓపెన్ సోర్స్ కాబట్టి దాచడానికి తలుపే లేదు. అంతా కనబడుతోంది, చూసే వస్తువు మాత్రం ఎక్కడా లేదు. నేను అప్పటిదాకా గొప్పగా చెప్పుకున్న ఆ మాట, లోపల అంతా చూడొచ్చనే మాట, ఆ రోజు నా వీపు మీద చల్లటి వేలులా పాకింది. లోపలికి చూస్తే ఏమీ లేదు. మరి లోపలి నుంచి బయటికి చూస్తున్నది ఎవరు?

ఆఫీసర్ నిపుణులనూ పెద్ద గుమాస్తానూ బయటికి పంపి, భావునూ నన్నూ ఉండమన్నాడు. తిండి వేళ. యార్డులో వేలంపాట ఆగిపోయింది. పత్తి కుప్పల మీద నుంచి లేచిన నూగు కిటికీలో వెలుగులో తేలుతూ, కింద పడడం మరిచిపోయినట్టు అలాగే నిలిచి ఉంది. తెర మీద బంగారు ముఖం. ఆ కళ్లు.

"ఇప్పుడే తేల్చేద్దాం" అన్నాడు ఆఫీసర్. "నేను ఒక వస్తువు బల్ల మీద పెడతాను. మీరు మామూలుగా ఫోన్ చేసినట్టు చేసి, కీబోర్డు పనిచేయడం లేదు, ఏం అడ్డముందో చెప్పమని అడగండి. స్పీకర్ పెట్టొద్దు, గది చప్పుడు మారితే ఆమెకు అనుమానం వస్తుంది. నేను ఇక్కడున్నానని కూడా తెలియకూడదు. ఆ వస్తువు పేరు ఆమె నోట వచ్చిందంటే, ఎలా చూస్తోందో పోలీసులు కనుక్కుంటారు. ఆమె ఈరోజే ఇంటికి. మీ పథకం కూడా."

జేబులు తడుముకున్నాడు. ఏం పెట్టాలో తోచలేదు. చివరికి మా ఇద్దరి వైపూ ఒకసారి చూసి, కాలరు కింద చెయ్యి పెట్టి మెడలోంచి ఒకటి తీశాడు. సిందూరం అంటిన తాయెత్తు, కొండగట్టు అంజన్న గుడిది. వస్తూ వస్తూ చుట్టు తిరిగి అటు పోయి కట్టించుకున్నాడు కాబోలు, దారం ఇంకా ఎర్రగా మెరుస్తోంది. దాన్ని బొమ్మకు ఎదురుగా, కీబోర్డు పక్కన పెట్టాడు. అంతటి మనిషి, వెంటనే రెండడుగులు వెనక్కి వేసి బీరువా చాటుకు పోయాడు.

నేను ఆదిలాబాద్‌కు ఫోన్ కలిపాను. ఆమె ఎత్తింది.

"ఏందమ్మా, గీ కీబోర్డు మొండికేసింది" అన్నాను. "బల్ల మీద ఏం అడ్డమున్నదో జర చెప్పవా?"

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. ఆమె కళ్లు మూసుకుందని నాకు తెలిసిపోయింది. అప్పుడే తెర మీది కళ్లు ఎటూ కదలకుండానే నన్ను వదిలి బల్ల మీదికి దిగాయి. భావు తల గోడ వైపు తిప్పుకున్నాడు. ఆమె మెల్లగా చెప్పింది. నేను విన్నాను. బీరువా చాటు నుంచి ఆఫీసర్ కనుబొమలు ఎత్తి "ఏమంది?" అన్నట్టు సైగ చేశాడు.

"టీ గ్లాసు ఉంటది, తీయమంటున్నది సార్" అన్నాను పైకే.

ఆఫీసర్ ముఖం చూడాలి! జిన్నింగ్ మిల్లు మొత్తం ఒకేసారి ఆగితే వచ్చేంత ప్రశాంతత. ఆ బల్ల మీద టీ గ్లాసు లేదు, ఆ గదిలోనే లేదు. ఆయన నవ్వాడు. "ప్రతిదానికీ టీ గ్లాసేనా మీకు! ఊహించి చెప్పే అలవాటు, అంతే. అనవసరంగా ఒక ఆడపిల్ల మీద ఫిర్యాదు." తాయెత్తు తీసి కళ్లకద్దుకుని, మేం చూడడం లేదనుకుని మళ్లీ మెడలో వేసుకున్నాడు. ఫిర్యాదు కొట్టేశారు.

మర్నాడు నేను ఆఫీసుకు వెళ్లేసరికి నా బల్ల మీద వేడి వేడి టీ గ్లాసు ఉంది. ధర్మపురి అమ్మాయి అటు తిరిగి ప్రోగ్రాం రాసుకుంటోంది.

ప్రోగ్రాం పూర్తయింది. భావు మోటార్ సైకిల్ మీద ఊరూరూ తిరిగి ఎక్కించాడు. టైర్లు అరిగి అరిగి చివరికి ఉత్త చక్రాల మీద వచ్చాడని నేను చెప్తే, అతనే నమ్మాడు. మొదటి ఆఫీసు భైంసా. ఫిర్యాదు చేసిన పెద్ద గుమాస్తా తెర ముందు కూర్చుని, మౌస్‌ను గడ్డపార పట్టినట్టు పట్టుకుని, చాలాసేపు ఆ ఖాళీ ముఖాన్నే చూశాడు. తర్వాత రెండు చిన్న గీతలు పెట్టాడు, ఒకటి కొంచెం పైకి, ఒకటి కిందికి.

"మా అవ్వ కండ్లు గిట్లనే ఉంటుండె" అన్నాడు. "చిన్నగ. నవ్వితే అసలే కనబడకపోతుండె. ఇగ చూస్తే మా అవ్వనే చూస్తది నన్ను, బయటోళ్లు గాదు."

ఆ రోజు నుంచి ఆ మిషన్‌ను ఎవరూ ముట్టుకోనివ్వలేదాయన. మిగతా చోట్ల జనం కూతుళ్ల కళ్లు పెట్టారు, పోయిన ఎద్దు కళ్లు పెట్టారు. ఒకాయన భార్య కళ్లు పెట్టి, వారం తర్వాత భయపడి మార్చేసుకున్నాడు. సీజన్ ముగిసేసరికి పాత సిస్టం అడిగిన ఆఫీసు లేదు. కాంట్రాక్టు నిలబడింది.

ఆఫీసులు ఒక్కొక్కటిగా మారుతున్నప్పుడు ధర్మపురి అమ్మాయి రోజూ పొద్దున నాకు చెప్పేది: "ఒక్కొక్కలే లేచి పోతున్నరు సార్. నిన్న ముందటి వరుస అంత ఖాళీ అయింది." చివరి ఆఫీసు మారిన రోజున, కుర్చీలో కూర్చునే మధ్యాహ్నం దాకా పడుకుంది. మేం లేపలేదు. భావు కిటికీ తలుపుకు అట్టముక్క అడ్డం పెట్టాడు, గాలికి కొట్టుకుని చప్పుడు కాకుండా. నిద్రలేచి, ముఖం కడుక్కుని, "చీకటుండె సార్" అంది. "మంచిగ. ఉత్త చీకటి."

ఇక మన ఒప్పందం సంగతి. చౌకీదారు మంట చేతులు చాపలేదు. భావు టైర్లు అరిగాయి కానీ ఊడిపోలేదు. ఆఫీసర్ చొక్కాతో కూరగాయలు తరగలేం. ఇవన్నీ పెంచినవి, లెక్కలోకి రావు. నేను కల్పించింది ఒక్కటే, టీ గ్లాసు. అది కూడా ఇప్పుడు మీ కోసం కాదు. ఆ మధ్యాహ్నమే, ఫోన్ చెవికి ఆనించుకుని, బీరువా చాటున ఉన్న ఆఫీసర్ ముఖం చూస్తూ కల్పించాను. నా జన్మలో ఆడిన అబద్ధాల్లో అంత చిన్నది ఇంకోటి లేదు. ఫోన్‌లో ఆమె టీ గ్లాసు మాటే ఎత్తలేదు. ఆమె అన్నది ఇది:

"కొండగట్టు తాయెత్తు గదా సార్, ఎర్ర దారం. బీరువా ఎనుక ఎవలో దాసుకున్నరు." అని, గొంతు తగ్గించి, "సార్, ఫోన్ పట్టుకున్న మీ చెయ్యి ఎందుకు గట్ల వణుకుతుంది?"